జేమ్స్ రాజు బైబిల్లో తన పేరు ఇరికించాడా?

వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. “యేసు సోదరుడి అసలు పేరు యాకోబు. 1611లో ఇంగ్లీషు బైబిల్ వేయించిన జేమ్స్ రాజు దాన్ని కొట్టేసి తన పేరు పెట్టుకున్నాడు. జేకబ్‌కీ జేమ్స్‌కీ సంబంధమే లేదు. వేరే ఏ భాషలోనూ ఈ తేడా లేదు” అని. మనవాళ్లు నమ్మేయడానికి కారణం ఉంది. తెలుగు బైబిల్లో ఇస్సాకు కొడుకూ యాకోబే, కొత్త నిబంధనలో పత్రిక (అంటే ఉత్తరం) రాసిన యేసు సోదరుడూ యాకోబే. ఇంగ్లీషు తెరిస్తే ఒకరు జేకబ్, ఇంకొకరు జేమ్స్. అనుమానం రాదూ మరి!

అసలు పేరు యాకోబు అన్నంత వరకూ నిజమే. మిగతాదే తప్పు.

రాజు మార్చాడన్న మాట చూద్దాం. ఆయన పుట్టింది 1566లో. టిండేల్ అనే అనువాదకుడు 1526లో అచ్చు వేయించిన ఇంగ్లీషు కొత్త నిబంధనలో అప్పటికే జేమ్స్ ఉన్నాడు. 1380ల నాటి, విక్లిఫ్ పేరు మీదున్న ఇంగ్లీషు చేతిరాత బైబిల్లోనూ ఉన్నాడు. పైగా స్కాట్లాండ్ గద్దె మీద ఈయన ఆరో జేమ్స్. ముందున్న ఐదుగురికీ ఆ పేరు ఎక్కడిది?

సంబంధం లేదన్నది ఇంకా పెద్ద పొరపాటు. హీబ్రూ పేరు గ్రీకులో యాకోబోస్, లాటిన్‌లో యాకోబుస్ అయింది. జనం నోళ్లలో నాని నాని ‘బ’ కాస్తా ‘మ’గా మారి యాకోముస్ అయింది. రెండూ పెదవులు కలిపి పలికేవే. జలుబు చేసినప్పుడు ‘మామ’ అనబోతే ‘బాబ’ అని వస్తుంది కదా, అంత దగ్గరివి. ఆ యాకోముసే ఇటలీలో జాకొమో. పాత ఫ్రెంచిలో మధ్య అక్షరం రాలిపోయి జేమ్స్‌గా తేలింది, అక్కణ్ణుంచే ఇంగ్లండు చేరింది. స్పెయిన్‌లో అయితే ‘సాంట్’ (పరిశుద్ధుడు), ‘యాగో’ (యాకోబు) అతుక్కుపోయి ఏకంగా శాంటియాగో! మన ఊళ్లలో కృష్ణుడు కిష్టయ్య, లక్ష్మి లచ్చమ్మ కాలేదూ?

వేరే భాషల్లో తేడా లేదట. ఇటాలియన్‌లో ఇస్సాకు కొడుకు జకొబ్బె, అదే పేరున్న యేసు శిష్యుడు, అంటే అపొస్తలుడు, జాకొమో. ఫ్రెంచిలో జకోబ్, జాక్. అసలు గ్రీకు కొత్త నిబంధనలోనే ఇస్సాకు కొడుకు యాకోబ్, అపొస్తలుడు యాకోబోస్. బీజం అక్కడే పడింది.

ఇంగ్లీషులో ‘జే’ (J) అక్షరం కొత్తది కాబట్టి పేరూ దొంగదేనంటారు కొందరు. 1611 ప్రతిలో ఆ పేరు ‘ఐ’ (I) అక్షరంతోనే అచ్చయింది. అక్షరం రూపం కొత్తది, పలుకు పాతదే.

ఇక ఆ రాజు నాణేల మీద తల చుట్టూ లాటిన్‌లో కొట్టించుకున్న పేరేమిటో తెలుసా? యాకోబుస్. ఆయన బంగారు నాణేన్ని జనం ‘జకోబస్’ అనే పిలిచేవాళ్లు.