నా ఫోన్ గ్యాలరీకి ఒక తలబిరుసు లేఖ

గ్యాలరీ గారికి,

హనుమకొండ నుంచి మీ యజమాని రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నెత్తి తప్ప.

కాజీపేట నుంచి బండి మీద ఇంటికొచ్చి హెల్మెట్ తీయగానే దురద. "గీకకు, ఫొటో తీసి రాసిపెట్టుకో" అన్నారెవరో. తీశాను. మే మొదటికల్లా 214. ఒకటి బాత్రూం ట్యూబ్‌లైటు కింద, ఒకటి బాల్కనీ ఎండలో, ఒకటి ఫ్లాష్ వేసి. ఒకే నెత్తి ఒకచోట నీలం, ఒకచోట ఎరుపు, ఒకచోట సున్నం కొట్టిన గోడ. రోగం ముదిరిందా, వెలుతురు మారిందా అన్నది మీకూ తెలియదు, నాకూ తెలియదు. అమ్మ నూనె పెట్టిన రోజైతే భద్రకాళి చెరువు మీద మిట్టమధ్యాహ్నం ఎండే. (చుండ్రు వెనకుండే మలసీజియా అనే ఫంగస్‌కు నూనె మేత అని అమ్మకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.)

ఇక నా నోట్స్. "సోమవారం దురద 6. మంగళవారం 6. బుధవారం మ్యాచ్ ఓడిపోయాం, 9." తలకు ఏం పూశానో ఒక్క ముక్క లేదు.

మీరైనా ఊరుకున్నారా? వీటన్నిటికీ వీణ కట్టి "ఫిబ్రవరి మధుర క్షణాలు" అని వీడియో చేశారు. పెళ్లి ఫొటోలు చూస్తున్న మా మేనత్త చేతిలో అదే మొదలైంది. "గిదేందిరా, ఎండకాలం పద్మాక్షి గుట్ట లెక్కున్నది?" "అవునత్తా, మొన్న ఎక్కినం" అన్నాను.

చర్మం డాక్టరు అయిదు ఫొటోలు చూసి ఆపేశారు. "అన్నీ నడినెత్తివే. చెవుల వెనక, నుదుటి అంచు, మెడ ఏవి?" లేవు. "రంగు ఎప్పుడు వేశారు?" గుర్తు లేదన్నాను. ఆయన మిమ్మల్ని వెనక్కి జరిపారు. ఫిబ్రవరి 20, బావమరిది పెళ్లి: నిగనిగలాడే నల్ల జుట్టు, నల్ల మీసం. 22న మొదటి నెత్తి ఫొటో. మార్చి 15, గృహప్రవేశం: మళ్లీ నలుపు. 17న ఒక్కరోజే తొమ్మిది ఫొటోలు.

అంటే సాక్ష్యమంతా కడుపులో పెట్టుకొని నాకు వీణ వినిపించారన్నమాట!

నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది పడనివాళ్లకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎరుపు బయటపడతాయి. ఇరవై ఏళ్లు పడ్డ రంగు కూడా ఒకరోజు తిరగబడవచ్చట. 48 గంటల ముందు చర్మం మీద కొంచెం రాసి చూసుకోమని డబ్బా మీదే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. జుట్టుకు రంగు అక్కర్లేని వయసువాళ్లకే ఆ అక్షరాలు కనపడతాయి.

ఇకమీదట వారానికి ఒక్కసారి. అదే కిటికీ, అదే సమయం, అదే పాపిడి, ఫ్లాష్ లేదు, చెవుల వెనక కూడా. తీసేది మా ఆవిడ. పక్కన ఆ వారం వాడిన షాంపూ, నూనె, రంగు పేర్లు.

పాతవన్నీ తీసేస్తే "30 రోజులు చెత్తబుట్టలో భద్రంగా ఉంచుతాం" అన్నారు. ఉంచుకోండి. ఆ వీడియో మాత్రం మళ్లీ పైకి తేకండి. ఆదివారం అత్త వస్తోంది, గుట్ట ఫొటోలు వాట్సాప్‌లో పెట్టమని రెండుసార్లు ఫోన్ చేసింది.

ఇట్లు,
గీక్కోవడం కాసేపు ఆపి టైపు చేసిన
మీ యజమాని