గుర్రానికి కవచం, కొన్నవాడికి కుచ్చుటోపీ

వీడియో గేమ్ కంపెనీలకు మన మీద ఎంత ప్రేమ ఉందో తెలియాలంటే ఏదైనా పెద్ద గేమ్ అమ్మకం పేజీ తెరిచి కిందికి వెళ్లండి. ఒకే గేమ్‌కి మూడు రేట్లు చూపించే పట్టిక ఉంటుంది. స్టాండర్డ్, డీలక్స్, అల్టిమేట్. స్టాండర్డ్ కింద ఒకే ఒక్క టిక్కు: గేమ్ ఇస్తారట. మిగతావన్నీ ఇంటూ మార్కులే. కొనబోయే వస్తువు పక్కనే మనకేమేం దక్కవో వరసబెట్టి చూపించే మర్యాద ఇంకే వ్యాపారంలోనూ లేదు. అల్టిమేట్ కింద మాత్రం అన్నిటికన్నా పైన ఒక వరం మెరుస్తూ ఉంటుంది: మూడు రోజులు ముందే ఆడుకోవచ్చు.

ఈ మూడు రోజుల దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ముందే ఆడుకోవచ్చంటే గేమ్ తయారై ఉందన్నమాట. అంతెందుకు, వంద జీబీ డౌన్‌లోడ్ కూడా అయిపోయి మన ఇంట్లోనే, మన కరెంటు తింటూ కూర్చుని ఉంటుంది. తాళం మాత్రం తియ్యరు. అంటే అల్టిమేట్ వాడికి ముందుగా ఇవ్వడం లేదు, మనకు ఆపుతున్నారు. ఆపకుండా ఉండటానికి డబ్బు అడుగుతున్నారు. ఇదే పని ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా చేస్తే ఏసీబీ వాళ్లు చేతులు కడిగించి ఫొటో తీస్తారు.

2023లో స్టార్‌ఫీల్డ్ అనే గేమ్ వచ్చింది. మామూలు ధర 70 డాలర్లు, ప్రీమియం 100. సెప్టెంబర్ 6న ఆడాల్సింది ఒకటో తారీఖునే ఆడొచ్చు. ఐదు రోజులకు 30, అంటే రోజుకి ఆరు డాలర్లు. (ఆర్ట్ బుక్కు, పాటలు, తర్వాత రాబోయే కథ కూడా ఇచ్చారు కదా అనే కంపెనీ తరఫు లాయర్లకు నమస్కారం, కూర్చోండి.) మరుసటి ఏడాది స్టార్ వార్స్ అవుట్‌లాస్ 70, 110, 130 అని మూడు మెట్లు కట్టింది. అసలు విడుదల తేదీ అనేది ఇప్పుడు డబ్బు తక్కువున్నవాళ్లు ఆడటం మొదలుపెట్టే రోజు.

దీనికంతటికీ మూలపురుషుడు ఒక గుర్రం. 2006లో ఆబ్లివియన్ గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని విడిగా రెండున్నర డాలర్లకు అమ్మారు. ప్రపంచమంతా పడీపడీ నవ్వింది. కంపెనీలు నవ్వలేదు, లెక్క చూసుకున్నాయి. 2025లో అదే గేమ్‌ని కొత్తగా ముస్తాబు చేసి తెచ్చినప్పుడు డీలక్స్ ఎడిషన్‌లో మళ్లీ గుర్రపు కవచం పెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

విడుదల రోజున మిగిలిన పని పంపే డే వన్ ప్యాచ్, తర్వాత రాబోయే ముక్కలకు ముందే డబ్బు కట్టించుకునే సీజన్ పాస్, ఎప్పుడేం ఇస్తారో చెప్పే రోడ్‌మ్యాప్, లోపల ఏముందో తెలియకుండా కొనే డబ్బా: గేముల్లో ఇవన్నీ మామూలే. ఈ పద్ధతి మన హైదరాబాద్ శివారు తెల్లాపూర్ బిల్డర్లకు తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉంటాను. మా బాబాయ్‌ని తీసుకుని సైట్ ఆఫీసుకి వెళ్లానన్నమాట. టై కట్టుకున్న కుర్రాడు నిమ్మరసం ఇచ్చి బ్రోచర్ తెరిచాడు.

"ఇది స్టాండర్డ్ ఎడిషన్ సార్. నాలుగు గోడలు, నేల ఉంటాయి."

"పైకప్పో?" అన్నాడు బాబాయ్.

"డే వన్ ప్యాచ్‌లో వచ్చేస్తుంది సార్. గృహప్రవేశం రోజు తెల్లారుజామునే అప్‌డేట్ పెట్టుకోండి. పాలు పొంగేలోపు శ్లాబు పడిపోతుంది."

బాబాయ్ ఒకసారి పైకి చూసుకున్నాడు. "మరి వంటగది?"

"సీజన్ పాస్ సార్. సంక్రాంతికి గట్టు, ఉగాదికి సింకు. రోడ్‌మ్యాప్ ఉంది."

"రోడ్డుందా?"

"రోడ్‌మ్యాప్ ఉంది సార్."

"తాళంచెవన్నా ఇస్తారా?"

"డబ్బా కొనాలి సార్, 99 రూపాయలు. అందులో తాళంచెవి రావచ్చు, డోర్‌మ్యాట్ రావచ్చు. డోర్‌మ్యాట్ రెండోసారి వస్తే మా సొసైటీ నాణేలుగా మార్చుకోవచ్చు. నాణేలు వంద ప్యాక్, ఐదొందల ప్యాక్ ఉంటాయి. మెయింటెనెన్స్ నూట ఇరవై."

"పక్క ఫ్లాట్లో అప్పుడే ఎవరో దిగినట్టున్నారే?"

"వాళ్లు అల్టిమేట్ సార్."

"సరేనయ్యా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం?"

కుర్రాడు జాలిగా చూశాడు. "మేం ఇల్లు అమ్మడం లేదు సార్. ఉండటానికి లైసెన్స్ ఇస్తున్నాం. మాకు గిట్టుబాటు కాని రోజున ఆపేస్తాం."

బాబాయ్ వంగి చెప్పు కోసం వెతికాడు.

"చెప్పుల స్టాండు డీలక్స్‌లో వస్తుంది సార్."

ప్రీ లాంచ్ ఆఫర్లకు మునిగినవాళ్లు మన ఊళ్లో బోలెడు మంది. కానీ వాళ్లు వెళ్లి మొరపెట్టుకోవడానికి కనీసం రెరా అని ఒక రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఉంది. గేమ్ ప్రీ ఆర్డర్ చేసి మునిగినవాడు ఎవరి గడప ఎక్కాలి? 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ పాత కన్సోళ్ల మీద ఎంత ఘోరంగా నడిచిందంటే, వచ్చిన వారానికే సోనీ తన స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వాపసిచ్చింది. అంతటి కళాఖండం అయితే తప్ప మన గోడు వినే నాథుడు లేడు.

మొన్నీమధ్య సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి ఒక గేమ్ డబ్బా కొన్నాను. చేతిలో పెట్టుకుంటే బరువు లేదు. ఊపితే కాగితం చప్పుడు. తెరిచాను. డిస్కు ఉండాల్సిన గుండ్రటి గుంట ఖాళీ. ఎదురుగా క్లిప్పు కింద ఒక చీటీ, దాని మీద బూడిదరంగు పూత, రూపాయి బిళ్లతో గీకితే కోడ్. షాపతని మొహంలోకి చూశాను. "ఈ మధ్య ఇట్లనే వస్తున్నయ్ భాయ్," అన్నాడు చూపు తిప్పుకుని. కంపెనీ వాళ్లకు రాని సిగ్గు పాపం ఆయనకొచ్చింది.

పోనీ డిస్కు ఉంటే దక్కుతుందా? 2014లో యుబిసాఫ్ట్ ద క్రూ అనే కార్ల గేమ్ అమ్మింది. ఒక్కడే కూర్చుని ఆడుకున్నా సర్వర్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్ కట్టేశారు. డిస్కు కొన్నవాడికీ లేదు, డౌన్‌లోడ్ కొన్నవాడికీ లేదు. అక్కడితో ఆగారా? కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా పీకేశారు. డబ్బిచ్చి కొన్న వస్తువును పదేళ్ల తర్వాత ఇంట్లోకి వచ్చి ఎత్తుకుపోతే అది దొంగతనం కాక ఏమిటి? సర్వర్లు కలకాలం నడపమని ఎవడూ అడగలేదు. పోతూ పోతూ నెట్ లేకుండా ఆడుకునేలా ఒక్క అప్‌డేట్ పడేసి పొమ్మన్నారు, అంతే. గొడవ ముదిరాక రెండో భాగానికి అదే పని చేస్తామని ఒప్పుకున్నారు కూడా. అంటే చేతకాక కాదు, లెక్కలేక. యూరప్‌లో దీని మీద పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కాలిఫోర్నియాలో అయితే 2025 నుంచి, అమ్ముతున్నది లైసెన్స్ మాత్రమేనని కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అనగానే పెద్దలకు రమ్మీ తప్ప ఇంకోటి గుర్తురాదు.

ఖర్చులు పెరిగాయి సార్ అంటారు. కాదనను. 2005 నుంచి పదిహేనేళ్లు ధర 60 డాలర్ల దగ్గరే ఉంది. 2020లో 70 అయింది, 2025లో నింటెండో 80 చేసింది. మనకు కాస్త దయతలచి ₹4,999 పెడతారు, ఇంచుమించు అమీర్‌పేట హాస్టల్లో ఒక కుర్రాడి నెల అద్దె. అయినా సరే, ఆ డబ్బు గేమ్ చేసినవాడి చేతికి వెళ్తుందంటే ఇస్తాను. వెళ్తోందా? మైక్రోసాఫ్ట్ 2023లో యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని దాదాపు 69 బిలియన్ డాలర్లు పోసి కొంది. మూడు నెలలు తిరిగేసరికి గేమ్స్ విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది. 2024 మే నెలలో తన చేతిలో ఉన్న టాంగో గేమ్‌వర్క్స్ స్టూడియోను మూసేస్తున్నామంది. వాళ్లు ఏడాది ముందే హై-ఫై రష్ చేశారు. 30 డాలర్ల గేమ్, మెచ్చుకోనివాడు లేడు. చవగ్గా, చక్కగా, పూర్తి చేసి ఇచ్చినందుకు వాళ్లకు దక్కిన బహుమతి తాళం కప్ప! చివరికి మన పిల్లలు ఫోన్లో ఆడే బీజీఎంఐ గేమ్ వాళ్లు, క్రాఫ్టన్ కంపెనీ, ఆ స్టూడియోని ఆదుకోవాల్సి వచ్చింది. ఇది ఖర్చుల కథ ఎలా అవుతుంది?

2025 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా నుంచి గుప్పెడు మంది కలిసి సిల్క్‌సాంగ్ అనే గేమ్ వదిలారు. 20 డాలర్లు. డీలక్స్ లేదు, అల్టిమేట్ లేదు, అందరికీ ఒకే గంటకు తలుపులు తెరిచారు. జనం ఎగబడితే స్టోర్లే కాసేపు కుప్పకూలాయి.

పరిశ్రమ పెద్దల చూపు మాత్రం జీటీఏ 6 అనే గేమ్ మీద ఉంది. దానికి 80 నుంచి 100 డాలర్లు పెడితే ఆ చాటున తామూ పెంచుకోవచ్చని కొందరు ఆశపడుతున్నారని 2025 జనవరిలోనే మాథ్యూ బాల్ అనే విశ్లేషకుడు రాశాడు. ఎదుటి కొట్టువాడు రేటు పెంచాలని దేవుడికి మొక్కుకునే వ్యాపారులను చూడటం నాకైతే ఇదే మొదటిసారి.