ప్రాణం నిలబెట్టింది గుండెనిబ్బరమేనా?

హోలోకాస్ట్‌లో, అంటే రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీ జర్మనీ సాగించిన యూదుల ఊచకోతలో, బతికి బయటపడ్డవాళ్ల కథ ఎక్కడ షేర్ చేసినా, మనసు గట్టిగా ఉంటే ఏదైనా తట్టుకోవచ్చు అని ఎవరో ఒకరు తగిలిస్తారు. నాకది చిరాకు. మరి చనిపోయినవాళ్ల మనసు మెత్తగా ఉందనా?

అలా బయటపడ్డ యూదు మహిళ గెర్డా వైస్‌మాన్ క్లైన్‌నే చూడండి. ఊరు పోలండ్‌లోని బియెల్స్కో. 1939లో జర్మన్లు వచ్చేసరికి ఆమెకు 15 ఏళ్లు, కొన్ని వారాలకే అన్న ఆర్థర్‌ను తీసుకుపోయారు. సొంతింటి బేస్‌మెంట్‌లో కొన్నాళ్లు బతికాక 1942లో గెట్టోకి, అంటే యూదులను నిర్బంధించిన వాడకి, తరిమారు. ఆ జూన్‌లో అమ్మానాన్నల నుంచి విడదీశారు. మండువేసవిలో, మంచులో వాడే స్కీ బూట్లు వేసుకోమని నాన్న పట్టుబట్టాడు, ఎందుకో అప్పుడామెకు అర్థం కాలేదు.

తర్వాత బోల్కెన్‌హైన్ నేత మిల్లు, ఆపైన ఇంకొన్ని లేబర్ క్యాంపులు. నాజీల సాయుధ దళం ఎస్‌ఎస్‌లో అధికారి అయిన ఆల్‌బ్రెష్ట్ ష్మెల్ట్ నడిపిన సంస్థ యూదు కూలీలను ఫ్యాక్టరీలకు అద్దెకిచ్చేది, డబ్బు ఆ సంస్థకే. మగ్గం తిప్పగలిగినంత కాలమే మనిషికి విలువ, జబ్బు పడితే ఆష్‌విట్జ్ మరణశిబిరమే. గెర్డా ఒకసారి జ్వరంతో లేవలేకపోతే, ఎస్‌ఎస్ తనిఖీకి వస్తున్నారని తెలిసి జర్మన్ సూపర్‌వైజరే బలవంతంగా లేపి, లాక్కెళ్లి మగ్గం దగ్గర నిలబెట్టింది. ఆవిడ ఆ పూట పట్టించుకోకపోయి ఉంటే కథ అక్కడితో సరి.

1945 జనవరిలో గ్రూన్‌బర్గ్ క్యాంపు నుంచి ఖైదీలను మంచులో బలవంతంగా నడిపించడం మొదలైంది. గెర్డా ఉన్న గుంపులో దాదాపు 2,000 మంది ఆడవాళ్లు. బయల్దేరినవాళ్లలో చాలామందికి సరైన చెప్పులే లేవు, గెర్డా కాళ్లకు మాత్రం ఆ స్కీ బూట్లున్నాయి. ఒకప్పుడు క్యాంపులో ఒకే ఒక్క రాస్ప్‌బెర్రీ పండు దొరికితే తాను తినకుండా రోజంతా దాచి గెర్డాకు తెచ్చిచ్చిన స్నేహితురాలు ఇల్సే దారిలోనే చనిపోయింది, 18 ఏళ్లకే. ఆ పిల్లకు నిబ్బరం తక్కువైందని ఎవరైనా అనగలరా?

మేలో చెక్ ఊరు వోలరీకి అమెరికన్ సైన్యం వచ్చేనాటికి మిగిలింది నూటయాభై మందికి లోపే, వాళ్లలో గెర్డా ఒకరు.

మరి పని చేయించుకున్న కంపెనీల సంగతి? వెట్టిచాకిరీ బాధితుల కోసం జర్మన్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి 1,000 కోట్ల మార్కులతో ఫౌండేషన్ పెట్టింది 2000లో. గెట్టోల్లో, క్యాంపుల్లో చాకిరీ చేసినవాళ్లకు గరిష్ఠంగా 15,000 మార్కులు. అందులోనూ, 1999 ఫిబ్రవరి మధ్య నాటికి బతికున్నవాళ్లకే, ఆ తర్వాత చనిపోయి ఉంటే వాళ్ల వారసులకు.