ఇరవై వేలా, కిలోకు నాలుగు రూపాయలా?

(చిత్తూరు జిల్లాలో ఒక రైతు సేవా కేంద్రం అరుగు. రైతు ఖాతాలో ఏడాదికింతని నగదు వేయడమే మేలంటాడు మామ. అల్లుడు ఒప్పుకోడు, పంట ధర పడినప్పుడు కిలోకింతని ఇవ్వాలంటాడు.)

మామ: అన్నదాత సుఖీభవ కింద ఏడాదికి 20,000. కేంద్రం పీఎం కిసాన్ 6,000, రాష్ట్రం 14,000, మూడు విడతలు. 2025 ఆగస్టు 2న తొలి విడత 7,000 పడింది. చెనిక్కాయ పూతకొచ్చే సమయం అది. ఎకరాకు 200 కిలోల జిప్సం, కలుపు కూలీ వడ్డీకి తేకుండా గడుస్తాది.

అల్లుడు: తోతాపురి మామిడి లెక్క చూడు మామా. 2025లో ధర కూలితే కిలోకు 12 రూపాయలన్నారు: గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఎకరాకు 5 టన్నులు కాసిందనుకో, ఆ నాలుగు రూపాయలే 20,000. కిలోకు ధర నాలుగు రూపాయలు తగ్గిందంటే ఒక్క ఎకరాలోనే ఏడాది సాయమంతా పోయినట్టే.

మామ: ధర సాయం టన్నులను చూస్తాది, మనిషిని కాదు. ఇరవై ఎకరాల తోటోడికి ఇరవై రెట్లు, చెనిక్కాయ మెట్టోడికి సున్నా. పూత మీదే తోట వ్యాపారికి అమ్మేసుంటే కాటా చీటీ ఎవరి పేరున రావాల?

అల్లుడు: నగదులోనూ అదే పేచీ. పీఎం కిసాన్‌లో కౌలుదారుకు చోటే లేదు. రాష్ట్రం వాటాకు కౌలు కార్డు ఉండాల. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలే చెల్లుతాది, దాంతో భూమి మీద హక్కు రాదు. అయినా యజమాని సంతకం పెట్టడు. హక్కు పోతాదనే భయం ఒకటి. అదే సర్వే నంబరు మీద ఆయన పంట రుణం తెచ్చుకుని ఉంటాడు, అదింకొకటి.

మామ: అర్హత ఉండీ ఆగిపోయేవి ముందు సరిచేయాల. డబ్బు పడకపోతే మొదట ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం, అయిందో లేదో చూడు. తర్వాత ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్‌కు ఏ బ్యాంకు ఖాతా జోడించి ఉందో. మనం జిరాక్స్ ఇచ్చిన ఖాతాకు కాదు, ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాకే పోతాది. ఎప్పుడో వదిలేసిన ఖాతాలో పడి ఉండొచ్చు. ఆపైన వెబ్‌ల్యాండ్, రెవెన్యూ వాళ్ల ఆన్‌లైన్ భూమి రికార్డు. తండ్రి పోయినాక మ్యుటేషన్ (పేరు మార్పిడి) చేయించకపోతే భూమి ఆయన పేరునే ఉంటాది, చెల్లింపు ఆగుతాది. పీఎం కిసాన్‌కు భూమి కటాఫ్ తేదీ 2019 ఫిబ్రవరి 1, ఆ తేదీకే భూమి పేరున ఉండాల. వారసత్వంగా వచ్చిన భూమికి ఆ అడ్డు లేదు.

అల్లుడు: అవన్నీ పాసుపుస్తకం ఉన్నోడి తిప్పలు. దున్నేవాడి పేరు ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంటల నమోదులో, ఎక్కిస్తారు గదా, సర్వే నంబరుతో, చేను ఫొటోతో. దాన్ని చూసే రాష్ట్రం వాటా వేయమంటా.

మామ: అప్పుడు యజమానే తన పేరు ఎక్కించుకుంటాడు. పంట నష్టం డబ్బుల కోసం ఇప్పుడే అట్లా చేసేవాళ్లుండారు.

అల్లుడు: జాబితా గోడకు అంటించినప్పుడు అభ్యంతరం రాయించొచ్చు.

మామ: రాయిస్తే వచ్చే ఏడు ఆ చేను కౌలుకిస్తారా? బతికేది ఆ చేనుతో. నోరు విప్పడు.

అల్లుడు: అది నిజమే. అయితే సంతకం పెట్టినంత మాత్రాన యజమానికి ఒక్క రూపాయీ తగ్గదని ఉత్తర్వులోనే రాయాల. గ్రామసభలో చదివి వినిపించాల.

మామ: దానికి నేనూ ఒప్పుకుంటా. మరి బ్యాంకు? ఒకే సర్వే నంబరు మీద రెండు పంట రుణాలు ఇయ్యరు.

అల్లుడు: జాయింట్ లయబిలిటీ గ్రూపులు ఉండాయి గదా. నలుగురు నుంచి పదిమంది కౌలుదారులు కలిసి ఒకరికొకరు పూచీ ఉంటే తాకట్టు లేకుండానే రుణం ఇస్తారు. యజమాని పాసుపుస్తకం జోలికే పోనక్కర్లేదు.