పది ఆజ్ఞల్లో మొదటి మాట ఆజ్ఞ కాదు

చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇది. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

బైబిల్లో మోషే కాలంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన పది ఆజ్ఞలు అనగానే మనకు గుర్తొచ్చేది "చేయకూడదు, చేయకూడదు" అనే వరుసే. చిన్నప్పుడు అలాగే బట్టీ పట్టించారు. ఒక్క మాట తప్పితే మళ్లీ మొదట్నుంచి. దాంతో దేవుడంటే మన తప్పు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని కూర్చునేవాడని లోపలెక్కడో ముద్ర పడిపోయింది.

ఒకసారి బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయం తెరవండి. దాసుల గృహమైన ఐగుప్తు (ఈజిప్టు)లోంచి నిన్ను బయటికి రప్పించిన దేవుణ్ని నేనే అని మొదలవుతుంది. యూదులు పదింటినీ లెక్కపెట్టేటప్పుడు మొదటిదిగా ఎంచేది ఈ మాటనే. అసలు హీబ్రూలో వీటిని పిలిచేదే "పది మాటలు" అని. మీరు ఇవన్నీ పాటించి చూపిస్తే అప్పుడు విడిపిస్తానని దేవుడు బేరం పెట్టలేదు. ఇటుకలు చేసి చేసి నడుం విరిగిన జనాన్ని ముందు బయటికి తెచ్చాడు, ఎలా బతకాలో ఆ తర్వాత చెప్పాడు. ఈ వరుస తారుమారైతే ఆజ్ఞ కాస్తా బెదిరింపు అయిపోతుంది. మన ఇళ్లలో, ప్రసంగాల్లో జరుగుతున్నది అదే, నాకు బాధ కూడా అదే.

వారంలో ఒకరోజు పని మానాలన్న విశ్రాంతిదినం సంగతే చూడండి. శనివారమా, ఆదివారమా అని గంటలకొద్దీ వాదించుకుంటాం. ఆ ఆజ్ఞలో ఎవరెవరి పేర్లున్నాయో మాత్రం చూడం. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, ఇంట ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం కూడా ఉంది: నీలాగే నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి, నువ్వూ ఒకప్పుడు దాసుడివేనని గుర్తుంచుకో.

ఒక ఆదివారం ఈ వాక్యం మీద నేనే మాట్లాడాను. బాగా చెప్పారన్నారు. ఇంటికొచ్చాక, బంధువులు వస్తున్నారని పనిచేసే ఆవిడను రాత్రి దాకా ఉండమన్నాం. గిన్నెల మధ్య నిలబడి, చేతులు తుడుచుకుంటూ ఫోన్లో పిల్లాడితో అంటోంది: "ఇంకాసేపట్లో వచ్చేస్తా నాన్నా, తలుపేసుకుని పడుకో." పక్క గదిలో కూర్చుని విన్నాను. పొద్దున నేను చదివిన వరుసలో ఆవిడ ఉంది. నా ప్రసంగంలో లేదు.

దేవుని నామాన్ని వ్యర్థంగా పలకకూడదన్న ఆజ్ఞను నోటికొచ్చినట్టు ఒట్లు పెట్టుకోవడం వరకే కుదించేశాం. అక్కడున్న హీబ్రూ మాటకు ఎత్తుకోవడం, మోయడం అనే అర్థం ఉంది. మన పంతం నెగ్గించుకోవడానికి "దేవుడే నాతో చెప్పాడు" అనేవాళ్లందరూ ఆ ఆజ్ఞ కిందికే వస్తారని నా అభిప్రాయం. ఇక అబద్ధసాక్ష్యం. మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఒక్కడి సాక్ష్యం చాలదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. మనమేమో ఎవరు పంపారో తెలియని మెసేజ్‌ను, ఒక మనిషి పరువు తీసేదాన్ని, ప్రార్థన గ్రూపులోనే ఫార్వర్డ్ చేసేస్తాం.

"మేము కృపలో ఉన్నాం, ధర్మశాస్త్రం కింద లేము" అంటారు కొందరు. నిజమే, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమా విశ్వాసులకు రాసిన పత్రికలో అన్నాడు. అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, వచ్చిన విశ్వాసులకు సున్నతి అక్కర్లేదని అపొస్తలుల కార్యములు 15లో తీర్మానం కూడా జరిగింది. కానీ అదే పౌలు అదే పత్రిక 13వ అధ్యాయంలో వ్యభిచారం, నరహత్య, దొంగతనం, దురాశ అని ఆజ్ఞలను పేరుపేరునా చెప్పి, ప్రేమే ధర్మశాస్త్రాన్ని నెరవేరుస్తుంది అన్నాడు. యేసు ప్రధానమైనవిగా చెప్పిన రెండింటిలో పొరుగువాణ్ని ప్రేమించమన్నది లేవీయకాండం 19లోది. ఆ అధ్యాయంలోనే ఏముందో తెలుసా? కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. చెవిటివాణ్ని తిట్టకు. గుడ్డివాడి దారికి అడ్డం పెట్టకు. తూకం సరిగ్గా ఉంచు. ప్రేమ అంటే అక్కడ ఇంత పచ్చిగా, చేతికందేలా ఉంది.

ఇప్పుడు ఆవిడ ఆదివారాలు రావడం లేదు. జీతంలో కోత పెట్టలేదు. ఆ రోజు గిన్నెలు నేనే తోముతున్నాను. ఆ ఆజ్ఞ నాకు చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు.