పర్మిట్‌కు వేసిన ముడి విప్పండి

నిరుద్యోగం పెరిగిన ప్రతిసారీ పాలకుల కన్ను ముందుగా పడేది విదేశీ కార్మికుల వర్క్ పర్మిట్లపైనే. వారికి ఓటు లేదు కనుక ఎంత కోత పెట్టినా నిలదీసేవారుండరు. కెనడా 2024 సెప్టెంబరు నుంచి, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకు మించి ఉన్న పెద్ద నగరాల్లో తక్కువ జీతం కొలువులకు విదేశీయుల కోసం యజమానులు పెట్టుకునే దరఖాస్తులను పరిశీలించడమే మానేసింది. వ్యవసాయం, నిర్మాణం, ఆరోగ్యం వంటి రంగాలకు మాత్రం మినహాయింపు. స్థానికులు ఏ పనులకు రారో ప్రభుత్వానికి బాగానే తెలుసన్నమాట!

పని దొరకని స్థానికుడి ఆక్రోశాన్ని కొట్టిపారేయలేం. కానీ తలుపులు మూస్తే ఆ కొలువు అతనికే దక్కుతుందా? 1942 నుంచి మెక్సికో కూలీలను పొలాలకు రప్పించిన బ్రాసెరో పథకాన్ని అమెరికా 1964 చివర్లో ఎత్తివేసింది. ఇక స్థానిక కూలీల రాబడి పెరుగుతుందన్నారు. కాలిఫోర్నియా టమాటా రైతులు కూలి పెంచి వారిని పిలవడానికి బదులు కోత యంత్రాలు కొన్నారు. యంత్రం దెబ్బకు చితకని, తోటంతా ఒకేసారి పండే వంగడం అప్పటికే సిద్ధంగా ఉంది. కొన్నేళ్లలోనే ఫ్యాక్టరీలకు వెళ్లే టమాటా కోత దాదాపుగా యంత్రాలపరమైంది. బ్రాసెరోలు ఎక్కువగా పనిచేసిన రాష్ట్రాల్లోనూ, అసలు లేని రాష్ట్రాల్లోనూ కూలి రేట్లను తర్వాత పోల్చిచూసిన ఆర్థికవేత్తలకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1973లో పశ్చిమ జర్మనీ విదేశీ కార్మికుల కొత్త నియామకాలు ఆపినప్పుడు జరిగింది మరో వింత. వెళితే మళ్లీ రానివ్వరన్న భయంతో చాలామంది అక్కడే ఉండిపోయి, కుటుంబాలనూ రప్పించుకున్నారు.

అసలు చిక్కు పర్మిట్ రాతలోనే ఉంది. చాలా దేశాల్లో అది ఒకే యజమానికి ముడిపడి ఉంటుంది. ఆ కొలువు వదిలితే దేశంలో ఉండే హక్కుకే ఎసరు. ఓవర్‌టైం డబ్బు ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా కార్మికుడు నోరు మెదపలేడు. అలాంటి మనిషి చేతికింద ఉండగా, హక్కులడిగే స్థానికుడిని ఏ యజమాని పనిలో పెట్టుకుంటాడు? కెనడా విదేశీ కార్మికుల పథకంలోని ఈ తరహా కొలువులు ఆధునిక బానిసత్వానికి పుట్టినిళ్లవుతున్నాయని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి 2023లోనే హెచ్చరించారు. ఖతార్ సైతం, అమలులో లొసుగులున్నా, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలును 2020లో చట్టంలో చేర్చింది.

పర్మిట్‌ను యజమాని పేరుతో కాక రంగం పేరుతో ఇవ్వాలి. ఒకే పనికి స్థానికుడికీ విదేశీయుడికీ ఒకే వేతనమని రాయడంతో సరిపెట్టకుండా, ముందస్తు కబురు లేని తనిఖీలతో దాన్ని అమలుచేయించాలి. విదేశీ కార్మికుల కోటా ఎంతన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.