సీతాఫలం టెస్టు పాసైతేనే పెట్టె పట్టాలెక్కాలె

రైలు పెట్టెలు డిజైన్ చేసే ఇంజనీర్లకు పాలమూరు డైలీ పాసింజర్ల తరఫున నాదొక మనవి. ల్యాబుల్ల టెస్టులు ఎన్నన్న చేస్కోండ్రి గని, బతుకమ్మ పండుగ దినాలల్ల ఒక్కపారి మా బాలానగర్ ప్లాట్‌ఫాం మీదికి రాండ్రి, గంపెడు సీతాఫలాలు కొని కాచిగూడ పోయేటోళ్ల చేతుల్ల పెట్టుండ్రి. షాద్‌నగర్ వచ్చేవరకు మీ డిజైన్ పాసా ఫెయిలా తేలిపోతది.

మొన్న నేను కిటికీ కాడ కూసున్న. షట్టర్ జారే గాడి ఉంటది గదా, వేలు గుడ పట్టదు, అండ్ల అడుగున పల్లికాయ పొట్టు, దాని మీద చాయ్ ఒలికి గట్టిపడ్డ దుమ్ము, అన్నిటి పైన నల్లగ తళతళ మెరుస్తున్న సీతాఫలం గింజలు, ఎవరో వరుసగ పేర్చినట్టు. లెక్కపెడితే పదకొండు (పొద్దుగాల రైల్ల వేరే పనేముంటది). చీపురు పుల్ల దూరని సందును గీసిన ఇంజనీరుకు నమస్కారం, ఆయన ఇంట్ల సీతాఫలం తినరేమో.

నేల తుడిచే అన్న నడిమిట్ల నున్నగ తుడ్చిపోతడు, సీటు కాళ్ల చుట్టు మట్టి అట్లనే ఉంటది. అందుకే మెట్రో పెట్టెలల్ల సీట్లను గోడకు బిగిస్తరు, కింద కాళ్లుండయ్, మాప్ ఒకటే ఊపుల పోతది, నేలా గోడా కలిసే కాడ మూల లేకుండ వంపు తిప్పుతరు. మస్తు తెలివి. మా లైన్ల అట్ల చేస్తే సంచులకు జాగ పెరిగిందని ఇంకో రెండు పల్లి బస్తాలు తోస్తరు, అది వేరే ముచ్చట.

బయో టాయిలెట్ సంగతి ఇంక దారుణం. డీఆర్‌డీవోవోళ్లు అంటార్కిటికా దాంక పోయి బ్యాక్టీరియా తెచ్చిన్రు, మలాన్ని నీళ్లుగ, గ్యాసుగ మారుస్తది. మనం దానికి గుట్కా పాకిట్లు, ఖాళీ నీళ్ల సీసలు వడ్డిస్తున్నం. అది తినదు, లోపల జామైతది, మనం ముక్కు మూసుకొని టెక్నాలజీని తిడతం.

రైల్ల చెత్తేస్తే 500 దాంక జుర్మానా అని 2012లనే రూలొచ్చింది. ఈ ముచ్చట చెప్తే నా పక్కాయన శ్రద్ధగ విన్నడు, "మంచి రూలే తమ్మీ" అన్నడు, అని గింజ ఉమ్మిండు.

నా గింజలంటరా, నేనైతే గుప్పిట్లనే పట్టుకున్న. చెత్తడబ్బా డోర్ కాడుంది, డోర్ దాంక మనుషులు ఇరుక్కొని నిలవడ్డరు. ఉందానగర్ దాటినంక చూస్తే గుప్పిట ఖాళీ, ఎట్లయ్యిందో యాదికి లేదు. దిగేటప్పుడు గాడిల మల్ల లెక్కపెట్టిన, పద్దెనిమిదున్నయ్.